తాతగారి చివరి మాటలు: ఆదికాండము 47–50 వెలుగులో మన సంస్మరణ ప్రసంగాలపై ఒక విమర్శ

మన తెలుగు సంఘాలలో ఒక వృద్ధ విశ్వాసి మరణించినప్పుడు కాపరి కనీసం రెండు పర్యాయాలు వాక్యం చెప్పవలసి ఉంటుంది. భూస్థాపన నాడు ఒకసారి చెబుతాడు. కొద్ది రోజుల తరువాత ఆదరణ కూడిక, సంస్మరణ కూడిక, కృతజ్ఞతా కూడిక అని ఆయా ప్రాంతాల్లో ఆయా పేర్లతో జరిగే సభలో మరొకసారి చెబుతాడు. ఆదివారపు ప్రసంగాన్ని విమర్శించేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు గాని, ఈ ప్రసంగాన్ని మాత్రం ఎవరూ విమర్శించరు. ఏడుస్తున్న ఇంటి ముందు నిలబడి చెప్పిన మాటను తూకం వేయడం మర్యాద కాదని అందరి అభిప్రాయం. అందువలన మన ప్రసంగాలన్నిటిలో అతి తక్కువ పరీక్షకు నిలిచినది ఇదే. వాక్యానికి దూరంగా ఉండే బంధువులు, మందిరపు గడప తొక్కని మనుమలు ఎక్కువగా వినేది కూడా ఇదే.

ఈ ప్రసంగానికి ఒక మూస ఏర్పడిపోయింది. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయం ఏడవ వచనమో, 116వ కీర్తన పదిహేనవ వచనమో, ప్రకటన గ్రంథం పద్నాలుగవ అధ్యాయం పదమూడవ వచనమో మూలవాక్యం అవుతుంది. చనిపోయినది తాతగారైతే ‘విశ్వాసవీరుడు’, నాయనమ్మో అమ్మమ్మో అయితే ‘ప్రార్థనాపరురాలు’. ఆమె ఏ ఊరి నుండి కాపురానికి వచ్చింది, ఏ కష్టంలో దేవుణ్ణి ప్రశ్నించింది, ఏ విషయంలో కోడళ్లను బాధపెట్టి తరువాత నొచ్చుకుంది అన్నవేవీ ఆ ఒక్క మాట వెనుక కనబడవు. ఆమెను ఎరిగినవారికి ఆ ప్రసంగంలో ఆమె దొరకదు. పౌలు తన మరణాన్ని ఎదురుగా చూస్తూ తన పరుగును గురించి చెప్పుకొన్న మాటను మనం ప్రతి శవపేటిక మీదా అంటిస్తున్నాం. ఆ మాట పౌలుకు ఎంత వెలపెట్టి దొరికిందో మనం ఆలోచించడం లేదు.

తాతల నుండి మనుమలకు విశ్వాసం ఎలా అందుతుంది, ఆ అందడంలో మరణశయ్యకు ఉన్న స్థానం ఏమిటి అన్న ప్రశ్నకు బైబిలులో అతి దీర్ఘమైన జవాబు ఆదికాండము 47:28 నుండి 50వ అధ్యాయం వరకు సాగే యాకోబు మరణ వృత్తాంతం. అబ్రాహాము మరణం కొన్ని వచనాల్లో ముగిసిపోతుంది. ఇస్సాకు మరణానికి రెండు వచనాలు చాలినవి. యాకోబు మరణానికి దాదాపు మూడు అధ్యాయాలు పట్టాయి. హెబ్రీ పత్రిక రచయిత కూడా (11:21) యాకోబు జీవితమంతటిలో ఈ ఒక్క ఘట్టాన్నే ఏరుకొన్నాడు. బేతేలు నిచ్చెన, యబ్బోకు రేవు పెనుగులాట ఆయనకు తెలియనివి కావు. అయినా విశ్వాసానికి ఉదాహరణగా ఆయన ఎంచుకొన్నది చనిపోబోతూ మనుమలను దీవించిన ముసలివాణ్ణి. మన సంస్మరణ ప్రసంగాన్ని ఈ భాగం పక్కన ఉంచి చూడాలన్నది మా ఉద్దేశం.

మంచమా, చేతికఱ్ఱా?

ముందుగా ఒక పాఠభేదం. ఆదికాండము 47:31లో యాకోబు మంచపు తలాపి మీద వంగి నమస్కరించాడని మన తెలుగు బైబిలులో ఉంది. హెబ్రీ పత్రికలో చేతికఱ్ఱ మొన మీద ఆనుకొని నమస్కరించాడని ఉంది. విద్యార్థులు దీనిని వైరుధ్యంగా ఎత్తి చూపుతుంటారు. హెబ్రీ లిపిలో పూర్వం హల్లులు మాత్రమే వ్రాసేవారు. అవే హల్లులను ‘మిట్టా’ అని చదివితే మంచము, ‘మట్టె’ అని చదివితే కఱ్ఱ. అచ్చుల గుర్తులు చేర్చిన మసోరా పండితులు మంచమని చదివారు. వారికి ఎన్నో శతాబ్దాలకు ముందు గ్రీకులోకి తర్జుమా చేసిన సెప్టువజింటు అనువాదకులు కఱ్ఱ అని చదివారు. హెబ్రీ పత్రిక రచయిత చదివింది గ్రీకు బైబిలు. విషయం అంతే. లాటిను వల్గేటు మరొక అడుగు వేసి, హెబ్రీ పత్రికలోని ‘మీద’ అన్న మాటను వదిలివేసి, యాకోబు కఱ్ఱ మొననే పూజించినట్లు అర్థం వచ్చేలా తర్జుమా చేసింది. దాని మీద పెరిగిన వివాదాలు వేరే చరిత్ర.

మంచం అనుకొన్నా, కఱ్ఱ అనుకొన్నా చిత్రం ఒక్కటే: దేని మీదనో ఆనుకోకుండా నిలవలేని మనిషి. యబ్బోకు రేవు దగ్గర తొడగూడు వసిలిన నాటి నుండి కుంటివాడు. కన్నులు మందగించినవి (48:10). మన సంస్మరణ పత్రికల మీద అచ్చువేసే ఫొటోలో తాతగారు కోటు వేసుకొని నలభై ఏళ్ల వయస్సులో ఉంటారు. లేఖనం మాత్రం ఆయనను చివరి వారంలో ఉన్నట్టే చూపించింది.

రాహేలు మాట ఎందుకు వచ్చింది?

48వ అధ్యాయంలో కథ సాఫీగా నడవదు. ఐదవ వచనంలో యాకోబు ఎఫ్రాయిము, మనష్షేల పేర్లు ఉచ్చరించి వారు రూబేను షిమ్యోనులవలె తనవారని దత్తత చేసుకొంటాడు. ఎనిమిదవ వచనంలో వారిని చూచి, వీరెవరని అడుగుతాడు. పైగా యోసేపు వారిని తండ్రి మోకాళ్ల దగ్గర నుండి తీస్తాడు. చంటిపిల్లల మాట చెప్పినట్లుంది. లెక్క చూస్తే వారు కరవు రాకముందు పుట్టినవారు (41:50). యాకోబు ఐగుప్తుకు వచ్చేనాటికి కరవు రెండేళ్లు గడిచింది (45:6). ఆ తరువాత అతడు 17 సంవత్సరాలు బ్రతికాడు. అంటే మనుమలకు దాదాపు 20 ఏళ్లుండాలి. మూలాధార విమర్శకులు ఇక్కడ రెండు కథనాల అతుకును చూస్తారు. 3 నుండి 7 వచనాలను యాజక మూలానికీ, మిగిలినదానిని ఇతర పాత మూలాలకూ చెందినవిగా విడదీస్తారు. మోకాళ్ల ప్రస్తావన దత్తత క్రియకు గుర్తు అనేవారూ ఉన్నారు. 30:3, 50:23లతో పోల్చితే ఆ మాటకు బలముంది. ఈ విభజనను మేము త్రోసిపుచ్చడం లేదు. అయితే ఏడవ వచనం విషయంలో మాత్రం పండితుల బల్లకన్నా కాపరి కూర్చునే కుర్చీయే మంచి చోటనిపిస్తుంది.

ఆ వచనంలో యాకోబు దత్తత మాట మధ్యలో ఉన్నట్టుండి రాహేలును తలచుకొంటాడు. పద్దనరాము నుండి వస్తుండగా దారిలో చనిపోయింది, ఎఫ్రాతాకు ఇంకా కొంత దూరముండగా, అక్కడే మార్గమున పాతిపెట్టాను అంటాడు. ముందు మాటకూ తరువాతి మాటకూ దీనికి పొందిక కనబడక వ్యాఖ్యానకర్తలు తికమకపడ్డారు. యోసేపు పిల్లలను దత్తత చేసుకోవడం ద్వారా త్వరగా చనిపోయిన రాహేలుకు సంతానాన్ని పెంచుతున్నాడని కొందరు, తనను మక్పేలాకు మోసుకుపోమని యోసేపుతో ప్రమాణం చేయించుకొన్నవాడు నీ తల్లిని అక్కడ పెట్టలేకపోయానని సంజాయిషీ చెప్పుకొంటున్నాడని మరికొందరు వివరించారు. రెండవది యూదుల పాత వ్యాఖ్యానంలోనే ఉంది. రెండూ కొట్టివేయదగినవి కావు.

అయితే వృద్ధుల మంచం పక్కన కూర్చున్న కాపరులకు ఈ వచనం తికమకగా ఉండదు. ఆస్తి కాగితాల మాట నడుస్తుండగా ముసలాయన ఎప్పుడో పోయిన భార్య మాట ఎత్తుతాడు. పిల్లలు ‘నాన్నకు మతి తప్పింది’ అని మాట మారుస్తారు. మన భాగం ఆ మాటను మార్చలేదు, కొట్టివేయలేదు. వంశానికంతటికీ సంబంధించిన దత్తత ప్రకటన మధ్యలో ఒక వియోగపు నొప్పిని అలాగే ఉండనిచ్చింది. ఆ తరువాత 49:31లో మక్పేలా గుహలో ఎవరెవరు ఉన్నారో యాకోబు వరుసగా చెప్పి, అక్కడనే లేయాను పాతిపెట్టానని ముగిస్తాడు. అతడు కోరి ప్రేమించినది రాహేలును. వెళ్లి పడుకొన్నది లేయా పక్కన. దీనిని గురించి లేఖనం ఏమీ వ్యాఖ్యానించలేదు. ఒక తాతగారి జీవితంలో ఇటువంటివి ఉన్నప్పుడు మనము ఒక పూట ప్రసంగంలో అన్నిటినీ చదును చేసివేయవలసిన పని లేదు.

యుక్తిగా చాచిన చేతులు

యోసేపు పెద్దవాడైన మనష్షేను తండ్రి కుడిచేతి వైపూ, చిన్నవాడైన ఎఫ్రాయిమును ఎడమచేతి వైపూ సరిగ్గా నిలబెట్టాడు. యాకోబు చేతులు మార్చి పెట్టాడు. 48:14లోని హెబ్రీ క్రియ ‘సిక్కేల్’ దగ్గర మరలా ఒక చిక్కుంది. ఈ అర్థంలో ఆ రూపం మరెక్కడా కనబడదు. సెప్టువజింటు దీనిని చేతులు అడ్డముగా మార్చెనని తర్జుమా చేసింది. ఆధునిక అనువాదాలు చాలావరకు ఈ దారినే పట్టాయి. ఒంకెలోసు అరామిక్ తర్గుము మాత్రం దీనిని వివేకం అనే అర్థమిచ్చే ధాతువుతో ముడిపెట్టి, చేతులను జ్ఞానముతో నడిపించాడన్న భావం తెచ్చింది. మన పాత తెలుగు బైబిలులోని ‘యుక్తిగా’ అన్న మాట ఆ సంప్రదాయానిదే.

భాషాశాస్త్రం ప్రకారం చూస్తే సెప్టువజింటు వైపే మొగ్గు ఎక్కువ అని ఒప్పుకోవలసిందే. అయినా ‘యుక్తిగా’ అన్న మాట తెలుగు చెవికి మరొక సంగతిని తెస్తుంది. యాకోబు జీవితమంతా యుక్తిపరుడే. ఆకలిగొన్న అన్న దగ్గర జ్యేష్ఠత్వం కొన్నాడు. మేకపిల్లల చర్మాలు చేతులకు కట్టుకొని కన్ను కనబడని తండ్రి దగ్గర దీవెన తీసుకొన్నాడు. ఇప్పుడు తానే కన్ను కనబడనివాడయ్యాడు. కొడుకు వచ్చి, నాయనా అలా కాదు, వీడు పెద్దవాడు అని చెయ్యి పట్టుకొన్నాడు. యాకోబు తనకు తెలుసునని రెండుసార్లు అన్నాడు (48:19). ఇస్సాకుకు తెలియలేదు. ఆ తెలియకపోవడం మీదనే యాకోబు బ్రతుకంతా కట్టబడింది.

ఇక్కడ చాలా ప్రసంగాలు, యాకోబు పూర్తిగా మారిపోయాడని చెప్పి సంతృప్తి చెందుతాయి. మాకు అంత తేలికగా తోచడం లేదు. ఒక కొడుకును ఎక్కువ ప్రేమించి విచిత్రమైన నిలువుటంగీ కుట్టించినందువలన ఇంట్లో ఎంత కీడు జరిగిందో చూచినవాడు, మరలా ఇద్దరు మనుమలలో ఒకనిని ముందుంచాడు. యోసేపుకు అది నచ్చలేదని గ్రంథం దాచకుండా చెప్పింది. పాత అలవాటు పోలేదు. మారినది ఏమిటంటే, ఇప్పుడు అది చీకట్లో జరగలేదు. అందరి ఎదుట జరిగింది. ఎందుకని అడిగితే జవాబుంది. వెనుక నిలిచినవాడు కూడా గొప్పవాడగునని అదే నోటితో అన్నాడు. ఏశావు వేసిన బిగ్గరైన కేక ఇక్కడ వినబడదు. ఒక విశ్వాసి జీవితంలో దేవుడు చేసిన పనిని ఇంత కొలతగా చెప్పడం మనకు చేతనైతే, ఆ ప్రసంగం విన్న పిల్లలు ‘మా నాన్నను గురించి అయ్యగారు నిజమే చెప్పారు’ అనుకొంటారు.

1656లో రెంబ్రాంట్ ఈ దృశ్యాన్ని చిత్రించాడు. ఆ పటం జర్మనీలోని కాసెల్‌లో ఉంది. అతడు అప్పుల పాలై దివాలా తీసిన సంవత్సరం అదే. ఆ పటంలో చేతుల అడ్డం స్పష్టంగా ఉండదు, యోసేపు ముఖంలో కోపమూ ఉండదు. ఒక పక్క అసెనతు నిలిచి ఉంటుంది. లేఖన భాగంలో అసెనతు లేదు. ఐగుప్తు యాజకుని కుమార్తెయైన ఆ తల్లి తన పిల్లలిద్దరినీ ఒక పరాయి వృద్ధుడు తనవారిగా చేసుకొంటున్నప్పుడు ఎక్కడున్నదో ఆదికాండము చెప్పలేదు. చిత్రకారుడు అడిగిన ఈ ప్రశ్నను మన వ్యాఖ్యానాలు తరచుగా అడగవు. పిల్లలలో పెద్దవాని పేరు మనష్షే. తన తండ్రి ఇంటిని మరచునట్లు దేవుడు చేసెనని యోసేపు పెట్టుకొన్న పేరు అది (41:51). మరపు అనే పేరు గల మనుమణ్ణి తాత తిరిగి ఇంటిలో చేర్చుకొంటున్నాడు. తాత మాట్లాడే భాష ఆ పిల్లలకు ఎంత వచ్చునో మనకు తెలియదు. నేడు డల్లాస్‌లోనో మెల్బోర్న్‌లోనో పెరిగి, తాతగారి భూస్థాపనను ఫోనులో చూసి, తెలుగు బైబిలు చదవలేని మనుమలున్న కుటుంబాలకు ఈ భాగం చాలా దగ్గరగా ఉంటుంది. ఆ పిల్లలకు అర్థమయ్యే ఒక్క వాక్యమైనా మన సంస్మరణ కూడికలో ఉండదు. వేదిక మీదికి పిలిచి ఒక పాట పాడించి పంపివేస్తాం.

తాత ఏమి అప్పగించాడు?

మనుమల తలల మీద చేతులుంచి యాకోబు పలికిన మాటలు (48:15–16) ఈ భాగమంతటికీ గుండె వంటివి. తన పితరులు ఎవరి యెదుట నడిచారో ఆ దేవుడు. తాను పుట్టినది మొదలు నేటివరకు తనను పోషించిన దేవుడు. సమస్తమైన కీడులలోనుండి తనను తప్పించిన దూత. ఇందులో ‘పోషించిన’ అన్నచోట హెబ్రీలో ఉన్నది గొర్రెలను కాయడమనే క్రియ. దేవుడు కాపరి అన్న మాట బైబిలులో మొదటిసారి వినబడేది ఇక్కడే. దావీదు కీర్తన కాదు, ఈ వృద్ధుని దీవెన. లాబాను మందలను ఇరవై ఏళ్లు పగటి ఎండకూ రాత్రి మంచుకూ ఓర్చుకొని కాచినవాడు ఆ మాట అన్నాడు గనుక, అది పుస్తకంలో నేర్చుకొన్న ఉపమానం కాదు. తన వృత్తిలోని మాటను దేవునికి ఇచ్చాడు. అలాగే ‘తప్పించిన’ అన్నచోట ఉన్నది ‘గాఅల్’ ధాతువు. బంధువు విమోచకుడగుటను తెలిపే ఈ పదం కూడా లేఖనంలో మొదట కనబడేది ఇక్కడనే. నిర్గమకాండములోను, రూతు గ్రంథంలోను, యెషయా గ్రంథంలోను పెరిగి పెద్దదైన మాట ఒక తాత నోట మొలిచింది.

మరొక సంగతి తెలుగు చదివేవారికి కనబడకుండా పోయింది. ఫరో ఎదుట నిలబడి యాకోబు తన 130 సంవత్సరాలను గురించి చెప్పినప్పుడు (47:9) అవి కొద్దివి, దుఃఖముతో నిండినవి అన్నాడు. అక్కడ దుఃఖమని తర్జుమా చేసిన హెబ్రీ మాట, ఇక్కడ కీడు అని తర్జుమా చేసిన మాట ఒక్కటే: ‘రా’. రెండు తెలుగు మాటలు రావడంతో ఆ బంధం తెగిపోయింది. రాజు ఎదుట తన బ్రతుకు కీడుతో నిండినదని చెప్పినవాడే మనుమల ఎదుట ఆ కీడంతటిలోనుండి విమోచించబడ్డానని చెప్పాడు. మొదటి మాటను రెండవ మాట కొట్టివేయలేదు. ఈ రెండింటికీ మధ్య అతడు ఐగుప్తులో బ్రతికిన 17 సంవత్సరాలున్నాయి. యోసేపు అమ్మబడినప్పటి వయస్సు కూడా 17 (37:2). కొడుకు తండ్రి పోషణలో గడిపిన ఏళ్లెన్నో, తండ్రి కొడుకు పోషణలో గడిపిన ఏళ్లు అన్ని. తన బ్రతుకును రెండవసారి చదువుకోవడానికి ముసలివానికి అంత కాలం పట్టింది కాబోలు.

విశ్వాసం అప్పగించడమంటే ఏమిటో ఈ మూడు వాక్యాలలో ఉంది. తన సుగుణాల పట్టిక యాకోబు చెప్పలేదు. క్రియలన్నిటికీ కర్త దేవుడు. మన సంస్మరణ ప్రసంగాలను వ్రాసి చూచుకొంటే, క్రియలన్నిటికీ కర్త చనిపోయినవారే: ప్రార్థించారు, ఇచ్చారు, కట్టించారు, నడిపించారు. వ్యాకరణమే మన వేదాంతాన్ని బయటపెడుతుంది. నేటికీ యూదుల ఇండ్లలో విశ్రాంతిదినపు సాయంత్రం తండ్రి కుమారుల తల మీద చెయ్యి ఉంచి దేవుడు వారిని ఎఫ్రాయిమువలెను మనష్షేవలెను చేయునుగాక అంటాడు (48:20). పన్నెండుమంది గోత్రకర్తలను వదిలి పరదేశంలో పుట్టిన ఇద్దరు మనుమల పేర్లు దీవెనగా నిలిచాయి.

క్రొత్త నిబంధనలో దీనికి దీటైన చోటు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 1:5. ‘అవ్వ’ అని మనం తర్జుమా చేసిన గ్రీకు పదం ‘మమ్మె’ క్రొత్త నిబంధన అంతటిలో ఈ ఒక్కచోటనే ఉంది. లోయి ఎప్పుడు చనిపోయిందో, ఏమి బోధించిందో పౌలు చెప్పలేదు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. 16:1); ఇంటి యజమానిది వేరే దారి అయినప్పుడు విశ్వాసం ఆడవారి చేతుల మీదుగా దిగివచ్చింది. మన మొదటి తరాల క్రైస్తవ స్త్రీలలో అక్షరం రానివారు అనేకులు. కీర్తనలు చెవిన పడితే పట్టుకొని, పొలం పనిలో పాడుకొని, మనుమలకు నోటితోనే నేర్పారు. వారిని ‘ప్రార్థనాపరురాలు’ అని ముగించడం లోయి పేరును తుడిచివేసినంత పని. పౌలు ఆమె పేరు వ్రాశాడు.

కల్పించిన చివరి మాట

ఇక మా విమర్శలో ముఖ్యమైన భాగం. యాకోబు చనిపోయాడు. ఐగుప్తు ఆచారం చొప్పున వైద్యులు 40 దినాలు సుగంధద్రవ్యాలతో శవాన్ని సిద్ధపరచారు. ఐగుప్తీయులు 70 దినాలు అంగలార్చారు. ఆఠదు కళ్లం దగ్గర యోసేపు ఏడు దినాలు దుఃఖించాడు. (మూడవ దినం, నలభైయవ దినం కూడికలు క్రైస్తవానికి తగునా కాదా అని వాదించే మన కాపరులు, అన్యుల పద్ధతిలో సిద్ధమైన ఈ శవయాత్రను ఒకసారి శ్రద్ధగా చదవాలి.) అందరూ తిరిగి వచ్చారు. అప్పుడు అన్నలకు భయం పట్టుకొంది. తండ్రి లేడు గనుక యోసేపు పగ తీర్చుకొంటాడేమో అనుకొన్నారు. నీ తండ్రి చావకముందు ఇలా ఆజ్ఞాపించాడు, అన్నల అపరాధం క్షమించమన్నాడు అని కబురంపారు (50:16–17).

యాకోబు ఆ మాట ఎక్కడ అన్నాడు? 47 నుండి 49 వరకు వెదికినా దొరకదు. తన శవాన్ని ఎక్కడ పాతిపెట్టాలో రెండుసార్లు వివరంగా చెప్పినవాడు ఈ మాట ఒక్కసారైనా అనలేదు. యోసేపుతో ఒంటరిగా మాట్లాడినప్పుడు అనడానికి అవకాశమున్నా అనలేదు. మూడోవారి ద్వారా, తండ్రి పోయిన తరువాత, లాభం పొందేవారి నోటనే ఆ ఆజ్ఞ బయటికి వచ్చింది. తల్ముదు దీనిని కల్పనగానే చదివి, సమాధానం కోసం మాటను మార్చడం చెల్లుతుందనడానికి ఉదాహరణగా తీసుకొంది. అది ఉదారమైన తీర్పు. గ్రంథం తీర్పు చెప్పలేదు. యోసేపు ఏడ్చాడని మాత్రమే చెప్పింది. ఎందుకేడ్చాడు? 17 ఏళ్లు పోషించినా అన్నలు తనను నమ్మలేదని కావచ్చు. తండ్రి నోట అబద్ధం పెట్టవలసినంత దూరం తమ మధ్య మిగిలి ఉందని కావచ్చు.

సంస్మరణ సభలలో ‘నాన్నగారు చివరి మాటగా ఇలా అన్నారు’ అన్నది మనం ఎన్నిసార్లు వినలేదు? అన్నదమ్ములు కలిసి ఉండాలన్నారు, ఫలానా స్థలం సంఘానికి ఇవ్వమన్నారు, ఫలానా కొడుకే పరిచర్య కొనసాగించాలన్నారు. కొన్ని నిజమే అయి ఉంటాయి. ఆసుపత్రిలో మాట పడిపోయి రోజులు గడిపినవారు కూడా ఇటువంటి చివరి మాటలు అన్నట్లు చెప్పబడుతుంటారు. కాపరి వాటిని వేదిక మీద నుండి పలికితే అవి ప్రవచనపు బరువును సంతరించుకొంటాయి. ఇంటి పంపకంలో ఒక పక్షానికి ఆయుధమవుతాయి. దీనిని చిన్న విషయంగా తీసుకోవడం మంచిది కాదు. చనిపోయినవారు లేచి ‘నేను అలా అనలేదు’ అని చెప్పలేరు. వారి తరఫున సాక్ష్యం నిలబెట్టవలసిన బాధ్యత వాక్యసేవకునిది. తాను చెవులారా విననిదానిని ‘అన్నారు’ అనకూడదు. ‘అన్నారని కుటుంబం చెబుతోంది’ అనడానికి సంకోచించకూడదు.

ఇక్కడ విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా. 49వ అధ్యాయంలోని దీవెనల కావ్యం గోత్రాల సామెతల సంపుటి అనీ, తరువాతి కాలంలో యాకోబు నోట ఉంచబడినదనీ అనేక పండితులు తలుస్తారు. అదే నిజమైతే అన్నలు చేసినదానికీ దీనికీ తేడా ఏమిటి? ప్రశ్న న్యాయమైనదే. ఆ కావ్యం అతి పురాతనమైన హెబ్రీ కవిత్వంలో ఒకటి అన్నంత మాత్రాన జవాబు కాదు. మేము చూచేది ఆ మాటలు ఎవరిని కోశాయన్నది. అన్నల కబురు దానిని పంపినవారినే కాపాడింది. 49వ అధ్యాయం రూబేను తండ్రి మంచమెక్కిన సంగతిని (35:22) ఎత్తి చెప్పింది. నాడు యాకోబు విని ఊరకున్నాడు. షెకెము రక్తపాతానికి షిమ్యోను, లేవీలను మందలించింది. నాడు యాకోబు తన భద్రత గురించి మాత్రమే మాట్లాడాడు (34:30). శపించినది కుమారులను కాదు, వారి కోపాన్ని. లేవీ వంశస్థులైన యాజకులే ధర్మశాస్త్ర గ్రంథాన్ని కాపాడిన చేతులు. తమ పితరుని మీద వచ్చిన ఆ మాటను వారు గీకివేయలేదు, తరతరాలకు చదివి వినిపించారు. తనను గాయపరచే మాటను కూడా తెగకుండా అప్పగించిన వంశం పలుకుకూ, అవసరానికి పుట్టిన కబురుకూ ఒకే తూకం వేయలేము.

అలాగని భూస్థాపన నాడు కాపరి 49వ అధ్యాయపు గొంతుతో చనిపోయినవారి తప్పులు చదవాలని మా అభిప్రాయం కాదు. ఆ కఠినమైన మాటలు తండ్రి బ్రతికి ఉండగా కొడుకుల ముఖాన అన్నవి. చనిపోయినవాని ముఖాన ఇతరులు అన్నవి కావు. పని అంతకు ముందే మొదలు కావాలి. వృద్ధులను చూడబోయినప్పుడు ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసి, కాఫీ త్రాగి లేచి రావడం మన పద్ధతి. అరగంటలో మూడు ఇండ్లు పూర్తవుతాయి. యాకోబు అడిగినట్లు అడగనిస్తే, చెప్పినట్లు చెప్పనిస్తే, రాహేలు మాట వచ్చినప్పుడు మాట మార్చకపోతే, సంస్మరణ ప్రసంగంలో సగం అక్కడే దొరుకుతుంది. మనుమలను అప్పుడే పిలిపించి ఆ మంచం దగ్గర కూర్చోబెట్టడం, తాతగారి చెయ్యి ఆ తల మీద పెట్టించడం ఏ ఆరాధన క్రమంలోనూ లేదు. చేర్చడానికి ఏ కమిటీ తీర్మానమూ అవసరం లేదు. తిరిగి వచ్చి ఆయన అన్న మాటలను తేదీ వేసి నాలుగు వాక్యాలు వ్రాసిపెట్టుకొన్న కాపరి, తరువాత వేదిక మీద ‘అన్నారు’ అనగలడు.

యోసేపు కూడా ఒకనాడు ముత్తాత అయ్యాడు. మాకీరు కుమారులు అతని మోకాళ్ల మీద పుట్టారని 50:23లో ఉంది. మాకీరు మనష్షే కొడుకు, ఎడమచెయ్యి దక్కినవాని సంతానం. 110 ఏళ్ల ప్రాయంలో యోసేపు తన సహోదరులను పిలిచి, దేవుడు నిశ్చయముగా మిమ్మును చూడవచ్చునని చెప్పి, తన ఎముకలను గురించి ప్రమాణం చేయించుకొన్నాడు. ఆ మాట కల్పించినది కాదని నిర్గమకాండము 13:19లో తేలుతుంది. ఐగుప్తు విడిచి వెళ్లే రాత్రి మోషే ఆ ఎముకలను మరువకుండా తీసుకొని వెళ్లాడు.